దొంగచాటు తిండి తిట్లతో తగ్గదు



పిల్లల బ్యాగులో దాచిన చిప్స్ కవర్లు, ఒక్క రాత్రిలో ఖాళీ అయిన బిస్కెట్ డబ్బా చూడగానే "ఎందుకంత తిండి యావ?" అనేస్తాం. తరచూ ఇలా జరుగుతుంటే అది బింజ్ ఈటింగ్ డిజార్డర్ కావచ్చు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో దీన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది.

లక్షణాలు:
• ఆకలి లేకపోయినా ఆపుకోలేక, గబగబా, పొట్ట పట్టనంత తినడం
• సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత తనను తానే అసహ్యించుకోవడం
• వారానికి కనీసం ఒకసారి చొప్పున 3 నెలలు ఇలా జరగడం

సన్నగా ఉన్న పిల్లలకూ ఇది రావచ్చు.

ఎందుకు ముదురుతుంది?
బరువు మీద ఎవరో వెక్కిరిస్తారు. పాప పొద్దున టిఫిన్ మానేస్తుంది, లంచ్ బాక్స్ సగం వదిలేస్తుంది. సాయంత్రానికి ఆకలి, చదువు ఒత్తిడి కలిసి అదుపు తప్పుతుంది. ఆ సిగ్గుతో మర్నాడు మళ్లీ కడుపు మాడ్చుకుంటుంది.

ఇంట్లో మనం చేయగలిగింది:
• రోజూ 3 పూటల భోజనం, మధ్యలో 2 సార్లు చిరుతిండి వేళకు పెట్టండి.
• ముందురోజు ఎక్కువ తిన్నా మర్నాటి టిఫిన్ మాన్పించకండి.
• చుట్టాల ముందు బరువు మాట ఎత్తకండి.

నిర్ధారణకు సైకియాట్రిస్ట్‌ను గానీ, క్లినికల్ సైకాలజిస్ట్‌ను గానీ కలవండి. సీబీటీ అనే కౌన్సెలింగ్‌తో చాలామంది కోలుకుంటారు. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ రాత్రి "ఎంత తిన్నావ్?" అని కాకుండా "ఈ రోజు ఎలా గడిచింది?" అని అడిగి చూడండి.