కారు టైరుకూ బీపీ చూడాలి

బీపీ చూపించుకోవడానికి వచ్చినవారిని సిస్టరు ముందుగా ఐదు నిమిషాలు బల్ల మీద కూర్చోమంటారు. మెట్లెక్కి ఆయాసంతో వచ్చినవారి చేతికి వెంటనే పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. అది అసలు లెక్క కాదు. కారు టైరులో గాలి చూడడానికి కూడా ఇదే పద్ధతి. బండి కనీసం మూడు గంటలు నిలబడి, టైరు చల్లబడిన తరువాత చూసిన అంకే సరైనది. ఇంకొక పోలిక కూడా ఉన్నది. బీపీ పెరగడం మనకు తెలియనట్లే, టైరులో గాలి తగ్గడం కూడా తెలియదు. పంక్చరు లేని మంచి టైరులో కూడా నెలకు ఒకటి రెండు పౌండ్ల గాలి దానంతటదే తగ్గిపోతుంది.

ఆరోగ్య పత్రికలో టైర్ల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పెళ్ళికో, క్రిస్మస్‌కు సొంత ఊరికో ఇంటిల్లిపాదీ ఒకే కారులో బయలుదేరి, దారిలో టైరు పేలి క్యాజువాలిటీకి చేరిన కుటుంబాలకు కట్లు కట్టేది మేమే. విరిగిన తొడ ఎముక అతకడానికి నెలలు పడుతుంది. నెలకొకసారి గాలి చూపించడానికి ఐదు నిమిషాలు చాలు.

ఎంత గాలి ఉండాలన్నది పంక్చరు షాపు అబ్బాయిని అడగనవసరం లేదు. డ్రైవరు తలుపు తెరిస్తే లోపలి స్తంభం మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనుక టైర్లకు ఎంత, నిండా మనుషులు ఎక్కినప్పుడు ఎంత అని కంపెనీవారు అందులో రాస్తారు. చీటీ ఊడిపోతే కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడండి. టైరు పక్క గోడ మీద అచ్చు వేసి ఉన్న పెద్ద అంకెను మాత్రం పట్టించుకోవద్దు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి, మీ కారుకు కావలసినది కాదు.

ఎండాకాలం వచ్చిందంటే ఒక మాట తరచు వినబడుతుంది. "ఎండకు గాలి ఉబ్బుతుంది, నాలుగు పౌండ్లు తక్కువ కొట్టించు, లేకపోతే పేలుతుంది" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది కాని ఇది ప్రమాదకరమైన సలహా. టైరు తిరిగేటప్పుడు నేలకు ఆనిన భాగం కొద్దిగా నలిగి మళ్ళీ లేస్తుంది. చిన్న కారు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, టైరులోని ప్రతి భాగమూ నిమిషానికి 800 సార్లకు పైగా ఇలా నలుగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వంచినచోట వేడెక్కడం మీకు తెలిసిందే. గాలి తక్కువైతే టైరు ఎక్కువగా నలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. ఆ వేడికి రబ్బరుకూ లోపలి దారాలకూ మధ్య పట్టు వదిలి పక్క గోడ చీలిపోతుంది. రోహిణి కార్తె ఎండలో తారు రోడ్డు సెగ దీనికి తోడవుతుంది. అందుచేత మండుటెండలో టైరు పేలడానికి తరచుగా కారణం గాలి ఎక్కువవడం కాదు, గాలి తక్కువై బరువూ వేగమూ ఎక్కువవడం. దూర ప్రయాణంలో టైరు వేడెక్కి నాలుగైదు పౌండ్లు పెరగడం మామూలే. కంపెనీవారు ఆ లెక్క చూసుకునే చీటీ మీద అంకె వేస్తారు. దారిలో ఆగి, వేడిగా ఉన్న టైరులోంచి గాలి తీయించకండి.

బరువు సంగతి కూడా చెప్పుకోవాలి. ఐదుగురు ఎక్కే కారులో ఏడుగురు, డిక్కీలో బియ్యం బస్తా, పైన సామాన్లు! ఇలా వెళ్ళేటప్పుడు చీటీ మీద నిండు బరువుకు రాసినంత గాలి కొట్టించినా, ఆ అంకె ఐదుగురికే గాని ఏడుగురికి కాదు. ఇద్దరిని బస్సు ఎక్కించడమే మేలు.

ఒకవేళ టైరు పేలితే, చాలామందికి మొదట తోచేది బ్రేకు గట్టిగా తొక్కడం. అలా తొక్కితే బండి పక్కకు తిరిగి బోల్తా పడవచ్చు. స్టీరింగును రెండు చేతులతో గట్టిగా నిటారుగా పట్టుకోండి. యాక్సిలరేటరు మీద నుండి కాలు మెల్లగా తీయండి. బండి దానంతటది నెమ్మదించాక రోడ్డు ఎడమ అంచు దాటి ఆపండి. వెనుక సీటులోనివారు కూడా బెల్టు పెట్టుకోవాలి. చంటిబిడ్డను ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాం కదా అనే ధైర్యం ఆ క్షణంలో పనికిరాదు. బండి ఆగాక పిల్లలనూ పెద్దలనూ రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. వాహనాలు దూసుకుపోయేవైపు కూర్చుని టైరు మార్చడం చాలా ప్రమాదం. జాతీయ రహదారి మీద 1033 కు ఫోను చేస్తే సహాయం వస్తుంది. దెబ్బలు తగిలితే 108.

వానలు మొదలయ్యేలోగా చూడవలసినది గాలి కాదు, గాడి. టైరు మీది గాడులు నీటిని పక్కకు తోసేస్తాయి. అవి అరిగితే టైరు నీటిమీద తేలి, స్టీరింగు తేలికైనట్లు అనిపించి, బ్రేకు పట్టదు. గాడి అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి, చూడండి. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. మన దేశంలో కార్లకు చట్టం ఒప్పుకునే హద్దు అదే. వానాకాలానికి ముందు అయితే అంతవరకు ఆగకుండా మార్చడం మంచిదని మా అభిప్రాయం. నీళ్ళు నిండిన గుంటలో బండి పడినప్పుడు ఇంటికి రాగానే పక్క గోడలు తడిమి చూడండి. బుడగలాగా ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్లే. దానికి మరమ్మతు లేదు.

చలికాలంలో చాలామంది టైర్లను మరచిపోతారు. నిజానికి గాలి తక్కువయ్యేది అప్పుడే. వాతావరణం ఐదారు డిగ్రీలు చల్లబడితే సుమారు ఒక పౌండు తగ్గుతుంది. వేసవిలో సరిగ్గా కొట్టించి వదిలేసిన టైరు డిసెంబరు ప్రయాణాల వేళకు ఎంత డీలా పడి ఉంటుందో మీరే లెక్క వేసుకోండి. స్టెప్నీలో కూడా చూపించండి. 2020 లో నిబంధన మారాక కొన్ని కొత్త కార్లకు స్టెప్నీ ఉండడం లేదు, పంక్చరు కిట్టు ఇస్తున్నారు. మీ కారులో ఏమి ఉన్నదో ముందే తెలుసుకోండి.

పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండగా, వారు కొనిపెట్టిన కారు ఊళ్ళో పోర్టికోలోనే ఉండే ఇళ్ళు మన సంఘంలో చాలా ఉన్నాయి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు తప్ప బయటికి తీయరు. గాడులు కొత్తగానే ఉన్నాయి కదా అనుకుంటారు. కాని తిరగకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది. పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019 లో 23వ వారం తయారైందని అర్థం. ఐదేళ్ళు దాటితే ఏటా మెకానిక్కుకు చూపించండి. సన్నని పగుళ్ళు కనిపించినా, పదేళ్ళు నిండినా ఇక వాడవద్దు. వారానికొకసారి కారు కొంత దూరం తిప్పితే బరువంతా ఒకేచోట పడకుండా ఉంటుంది.

తీసేసిన టైరు సంగతి మా వార్డులకు మరింత దగ్గరిది. పెరట్లో పడేసిన టైరును ఎటు తిప్పినా ఏదో ఒక వంపులో వాన నీరు నిలుస్తుంది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు ఇంతకన్నా అనువైన చోటు లేదు. అది నీటి అంచున గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్ళు పారబోసినా, ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్ళీ వాన పడగానే పొదుగుతాయి, వారం పది రోజులలో దోమలవుతాయి. కాబట్టి నీళ్ళు వంపితే సరిపోదు. రేకుల మీద బరువుకు పెట్టినవాటికీ, పిల్లల ఊయలకు కట్టినవాటికీ అడుగున పెద్ద రంధ్రాలు చేయించండి. అక్కర లేనివి కొత్త టైరు కొన్న షాపులోనే వదిలేయండి. వాటిని రీసైక్లింగుకు పంపే బాధ్యత టైర్ల కంపెనీలపై ఉండేలా 2022 లో కేంద్రం నిబంధనలు తెచ్చింది.

సంక్రాంతి ముందు రోజులలో పిల్లలు పాత టైర్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతారు, భోగి మంటలో వేయడానికి. అడిగితే ఇవ్వకండి. పిడకలో, ఎండు కట్టెలో ఇవ్వండి. టైరు పొగలో గంధకపు వాయువులూ, బెంజీనూ, మసి కణాలూ ఉంటాయి. ఆస్తమా ఉన్నవారి ఊపిరితిత్తులు ఆ పొగకు వెంటనే బిగుసుకుంటాయి. వీధిలో ఎవరైనా కాలుస్తుంటే ఆస్తమా ఉన్నవారూ, చంటిపిల్లలూ తలుపులు వేసుకుని లోపలే ఉండాలి. ఇన్‌హేలరు చేతికి అందేచోట పెట్టుకోండి. రెండుసార్లు పీల్చినా ఆయాసం తగ్గకపోతే తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి రండి.