విరిగే తలకట్టు, పూడే చుక్క

ప్రశ్న: లినోలియం వదిలి టేకు మీద తెలుగు అక్షరాలు చెక్కి పోస్టర్లు వేస్తున్నాను. తలకట్లు విరుగుతున్నాయి, 'ఠ'లో చుక్క సిరాతో పూడిపోతోంది. ఏం చేయాలి?
– ఒక డిజైన్ విద్యార్థిని

జవాబు: లినోలియానికి నార ఉండదమ్మా, ఎటు కోసినా ఒకటే. చెక్కలో అలా కాదు. నారకు అడ్డంగా నిలిచిన సన్నగీత ఉలి తగలగానే పుటుక్కుమంటుంది. అందుకని తలకట్టు పొడుగు కొమ్ము నార వెంబడి వచ్చేలా అక్షరాన్ని వాల్చి, తిరగేసి గీసుకోండి. గీత అంచులు నిట్టనిలువుగా కోయకండి. పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఏటవాలుగా తీస్తే నిలబడుతుంది.

చుక్క చుట్టూ ఇంకాస్త లోతుగా తవ్వండి, రోలర్ మీద సిరా పలచగా పరచండి. ప్రయోగమే కాబట్టి పూడిన 'ఠ' ఒకటి ఉంచుకోండి, పోస్టర్లో బాగానే ఉండొచ్చు!

అయినా విరుగుతుంటే ఆ చెక్కతోనే పెడన వెళ్లి, కలంకారీ అచ్చులు చెక్కేవారికి చూపించండి. ఉలి పట్టు, పదును కాగితం మీద చెప్పేవి కావు.