తండ్రి ఇచ్చిన మాట

పాఠ్యభాగము: ఆదికాండము 31:1–21, కొలొస్సయులకు 3:21, యోబు 42:12–15

ఈ మాసపు పాఠము తండ్రులైనవారి కొరకు వ్రాయుచున్నాము. తల్లులు దీనిని చదివి భర్తలకు వినిపించినయెడల మాకు సంతోషమే. దెప్పిపొడుచుటకు మాత్రము వాడవద్దని మనవి.

లాబాను అనగానే అల్లుని మోసపుచ్చిన మామ అని మనము తలంచుదుము. అతడు ఇద్దరు ఆడుబిడ్డల తండ్రి అని తలంచువారు తక్కువ. యాకోబు ఇరువది సంవత్సరములు అతనియొద్ద కొలువు చేసెను. తన జీతము పదిమారులు మార్చబడెనని భార్యలను పొలమునకు పిలిపించి వారితో చెప్పుకొనెను. అప్పుడు ఆ కుమార్తెలు తండ్రి పక్షముగా ఒక్క మాటయైనను పలుకలేదు. తండ్రి యింట తమకు పాలు మిగులలేదనియు, తమ్మును పరాయివారినిగా ఎంచి, తమకు చెందవలసిన ద్రవ్యమును అతడే తినివేసెననియు చెప్పిరి. రాహేలు, లేయా యెంత పోటీపడిన అక్కచెల్లెండ్రో మీరెరుగుదురు. తండ్రివలన కలిగిన నొప్పి విషయములో మాత్రము ఇద్దరును ఏకమైరి. లాబాను గొఱ్ఱెల బొచ్చు కత్తిరింపబోగా రాహేలు అతని గృహదేవతలను దొంగిలించెను, తరువాత అతని యెదుటనే బొంకెను. మాట మార్చు తండ్రి యింట పెరిగినది గదా!

ఇక మన ఊరి సంగతికి వచ్చెదము. గోవాడ అనగానే చుట్టుప్రక్కల అందరికి చెఱకును, సహకార చక్కెర ఫ్యాక్టరీయు జ్ఞాపకమునకు వచ్చును. ఫ్యాక్టరీకి తోలినను, గానుగ ఆడి బెల్లము అనకాపల్లి మార్కెట్టుకు వేసినను, మొక్క నాటినది మొదలు నరుకు వరకు పది పన్నెండు మాసములు పట్టును. చేతికి పెద్ద సొమ్ము వచ్చునది ఏడాదికి ఒక్కసారి. కాబట్టి మన యిండ్లలో పిల్లవాడు ఏమి అడిగినను జవాబు ఒక్కటే: “చెరకు డబ్బులు రానీ.” బడి ఫీజైనను, చెప్పులైనను, సైకిలైనను అదే జవాబు. క్రిస్మసు బట్టల మాట చెప్పనక్కరలేదు. క్రిస్మసు చెఱకు డబ్బుకంటె ముందు వచ్చుట మన ప్రాంతపు కష్టము!

మేము ఇండ్లు దర్శించుచుండగా ఒక యింట పదేండ్ల పిల్లవానిని, “మీ నాన్న సైకిలు ఎప్పుడు కొంటాడురా?” అని అడిగితిమి. “చెరకు డబ్బులు రాగానే అన్నాడండి. ఆ చెరకు ఇంకా నాటలేదండి” అనెను. తండ్రి నవ్వెను. పిల్లవాడు నవ్వలేదు.

చెఱకు తోలిన పదునాలుగు దినములలో రైతుకు సొమ్ము చెల్లింపవలెననియు, ఆలస్యమైనయెడల నూటికి పదిహేను చొప్పున ఏడాది వడ్డీ కలుపవలెననియు 1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తరువు చెప్పుచున్నది. కాగితముమీది పదునాలుగు దినములు మాసములగుట రైతులెరుగనిది కాదు. ఆ ఆలస్యము తండ్రి తప్పు కాదు. అయితే ఆలస్యమైన సంగతి బిడ్డతో చెప్పకుండుట తండ్రి తప్పే. పిల్లవాడు మిల్లును చూడడు, బకాయిని చూడడు. మాట యిచ్చిన తండ్రిని మాత్రమే చూచును. బిడ్డలు మనసు క్రుంగిపోకుండునట్లు వారిని విసిగింపవద్దని అపొస్తలుడు తండ్రులకు వ్రాసినది ఇట్టివాటిని గూర్చియే అని మా తలంపు. విసిగిన బిడ్డ కొంతకాలము పోట్లాడును. మనసు క్రుంగిన బిడ్డ అడుగుటయే మానుకొనును. మన పిల్లవాడు ఏమియు అడుగడని మురిసిపోవు తండ్రి ఒకసారి ఆలోచించుకొనవలెను.

ఏమి చేయవలెను? సొమ్ము వచ్చిన దినమున భార్యను, తెలివి వచ్చిన బిడ్డలను దగ్గర కూర్చుండబెట్టుకొని, తూకపు చీటీలు ముందు వేసికొని లెక్క చూడుడి. ఎరువుల కొట్టుకు ఇంత, నరికిన కూలికి ఇంత, షావుకారు వడ్డీ ఇంత. మీకు చదువు రానియెడల మీ బిడ్డచేతనే చదివించుకొనుడి. దానివలన మీ గౌరవము తగ్గదు. అప్పు ఎంతో తెలిసిన పిల్ల అలిగి కూర్చుండదు. ఏడాదికి ఒక్కొక్క బిడ్డకు ఒక్కటే మాట ఇయ్యుడి, అదియు చిన్నది. నోటుపుస్తకములో వ్రాయించుడి. తీర్చలేనప్పుడు గడువుకు ముందే మీరే చెప్పుడి. వాడు అడుగువరకు ఆగి, అడిగినందుకు కొట్టకుడి. సంఘపు కానుక కొరకు బిడ్డ ఫీజు ఆపితిమని కొందరు గొప్పగా చెప్పుకొందురు. మేము అట్లు బోధింపలేదు. కొర్బాను పేరు చెప్పి ఇంటివారికి చేయవలసినది మానుటను ప్రభువు మెచ్చలేదని మార్కు 7వ అధ్యాయములో చదువుచున్నాము.

సొమ్ము వచ్చిన సాయంకాలము కొందరు తిన్నగా ఇంటికి రారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. 1993 అక్టోబరులో సారా నిషేధమాయెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను. ప్రభుత్వపు నిషేధము వచ్చును, పోవును. ఆ సాయంకాలము భార్యను వెంటబెట్టుకొని బ్యాంకుకు పోవుడి. అంతకంటె ఎక్కువ ఈ విషయములో వ్రాయము.

శిక్ష మాట కూడ కొందరు అడిగిరి. చెఱకు ఏపుగా ఎదిగినప్పుడు గాలికి పడకుండ దాని ఆకులతోనే దానికి జడచుట్టు వేయుదుము. పడిన తరువాత వేయము, గడను విరిచి వేయము. త్రాగి కొట్టినది శిక్ష కాదు.

లాబాను కుమార్తెలు అడిగిన పాలు సంగతి ఇంకను మిగిలియున్నది. కూతురికి కట్నమిచ్చి పంపితిమి గనుక ఆస్తిలో ఏమియు లేదని మన క్రైస్తవ తండ్రులు సహితము అనుచుందురు. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 నుండి నేరము. 1925 నాటి భారత వారసత్వ చట్టము చొప్పున, క్రైస్తవుడైన తండ్రి వీలునామా వ్రాయక మరణించినయెడల భార్యకు మూడవ వంతు చెందును. తక్కిన రెండు వంతులు బిడ్డలందరికి సమానముగా చెందును. కొడుకని, కూతురని భేదము లేదు. పెండ్లియైన కూతురు పండుగకు వచ్చినప్పుడు ఏ కాగితమో చెప్పకుండ వేలిముద్ర వేయించుకొనుట లాబాను పని. యోబు, చట్టమేదియు బలవంతపెట్టకుండగనే, తన ముగ్గురు కుమార్తెలకు వారి సహోదరులతోపాటు స్వాస్థ్యమిచ్చెను.

ఎకరము పొలమున్నవాడైనను బ్రదికియుండగనే ఇంటివారందరి యెదుట మాటలాడి వీలునామా వ్రాయించుట మంచిది. రిజిస్టరు చేయించుట తప్పనిసరి కాదు గాని చేయించిన మేలు. ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. ఆస్తి పొందువారిని సాక్షులుగా పెట్టకుడి. పెట్టినయెడల వారికి వ్రాసినది చెల్లదు. సంఘ పెద్దలలో ఇద్దరిని పిలిచినయెడల వారు కాదనరు.