ఇల్లు ఊడ్చేది రోబో అయితే, బట్టలుతికేది?

ప్రశ్న: మా ఇంట్లో ఇల్లు ఊడ్చే రోబో ఉంది. వాషింగ్ మెషీన్ కూడా తన పని తానే చేసుకుంటుంది కదా, దాన్ని రోబో అని ఎందుకనరని మా బాబు అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, మాంచెస్టర్

జవాబు: దీనికి మీ ఊళ్లోనే చక్కని ఉదాహరణ ఉందమ్మా. మాంచెస్టర్ ఇంజినీరు రిచర్డ్ రాబర్ట్స్ తనంతట తానే నూలు వడికే ‘మ్యూల్’ యంత్రానికి 1825లో, మళ్లీ 1830లో పేటెంట్లు తీసుకున్నాడు. జనం దాన్ని ‘ఇనుప మనిషి’ అన్నారు. పేరు అంతటిదైనా అది రోబో కాదు. వందల కదుళ్లున్న బండి ముందుకూ వెనక్కూ కదులుతూ నూలు వడికి చుట్టేది. పోగు తెగితే మాత్రం దానికి తెలిసేది కాదు, అలాగే నడిచేది. ఆ బండి వెంట నడుస్తూ తెగిన పోగులు అతికింది చిన్న పిల్లలు. యంత్రానికి లేని కళ్లూ వేళ్లూ ఆ పసివాళ్లవే. తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

తేడా అక్కడే ఉంది. రోబో చుట్టూ ఏముందో సెన్సర్లతో గ్రహిస్తుంది, ఏం చేయాలో తేల్చుకుంటుంది, ఆ ప్రకారం కదులుతుంది. కుర్చీ అడ్డొస్తే మీ ఊడ్చే రోబో దారి మార్చుకుంటుంది. కొన్ని వాషింగ్ మెషీన్లు కూడా బట్టల బరువు చూసి నీళ్లు తగ్గించుకుంటాయి కాబట్టి రెంటికీ మధ్య గీత మరీ స్పష్టం కాదు. అయినా వాషింగ్ మెషీన్ లోకం ఆ డ్రమ్ము వరకే. అందుకే నేను దాన్ని యంత్రమనే అంటాను. రోబోకు మనిషి ఆకారం ఉండాలా అంటే, అక్కర్లేదు.

బాబును ఒకసారి సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియానికి తీసుకెళ్లండి. నూలు మిల్లుల యంత్రాలు చూపించి, పోగు తెగితే ఎవరు చూసుకునేవారో వాణ్నే అడగండి.