గుంటూరు మండల కథోలిక బాలికా విద్య : 1904కు పూర్వదశ

సింగరాయకొండ మొదలు గుంటూరు దాక వ్యాపించిన ప్రత్తి, మిరప నేలలలో కథోలిక బాలికా విద్యను గూర్చి ప్రసంగము వచ్చినపుడు 1904వ సంవత్సరమే తొలుత స్మరణకు వచ్చును. ఆ యేడు హాలెండు దేశమునుండి యేసు మరియ జోసెఫ్ సభకు చెందిన మఠకన్యలు గుంటూరు చేరిరి. వారి సేవ సామాన్యమైనది కాదు. కాని దానినే ప్రారంభముగా నెన్నినచో నలువది రెండేండ్ల పూర్వచరిత్ర మరుగున పడును. ఆ చరిత్రకు కర్త్రి విదేశీయురాలు కాదు. ఫిరంగిపురమున పుట్టిన తెలుగు వితంతువు జ్ఞానమ్మ.

ఈమె 1822లో, కొండవీటికి చేరువనున్న ఆ గ్రామమున, గాలి వారి యింట జన్మించెను. ఆమెకు కార్యక్షేత్రమైనది మద్రాసునకు పడమటనున్న కీళచ్చేరి. అది తమిళదేశమున నున్నను తెలుగు కథోలిక కుటుంబములు వలసపోయి స్థిరపడిన యూరు. ఆ కాలమున ఫిరంగిపురము, కీళచ్చేరి రెండును మద్రాసు కథోలిక పీఠము పాలనలోనివే. భర్త గతించిన పిదప 1862లో జ్ఞానమ్మ అచ్చట బాలికలకు పాఠశాల తెరచెను. మరుసటి యేడు, 1863లో, పునీత అన్నమ్మ పేర మఠకన్యల సభను నెలకొల్పెను.

పాఠశాల ముందు, మఠము తరువాత అను నీ క్రమము పరిశోధకులు గమనింపదగినది. ఎదిగిన బాలికను పురుషోపాధ్యాయుని కడకు పంపుటకు నాటి గృహస్థులు సమ్మతింపరు. స్త్రీ బోధింపవలెనన్నచో సంసారభారము ఆమెను కదలనీయదు. ఇక మిగిలినది వితంతువు. ఏ స్థితిని లోకము నిరర్థకమని మూలకు నెట్టెనో ఆ స్థితియే జ్ఞానమ్మకు బోధనావకాశ మయ్యెను. అయినను ఒక్క ఉపాధ్యాయినితో నడచు బడి ఆమెతోడనే ముగియును. మఠము ఏర్పడినచో ఒకరి వెనుక నొకరు బోధింతురు. కావున ఆమె సభాస్థాపనమును కేవలము మతకార్యముగా చూచుట చాలదు. బడి నిలుచుటకు అది ఆధారము కూడ.

సంస్కృతమున ఆచార్యుని భార్య ‘ఆచార్యానీ’, స్వయముగా బోధించు స్త్రీ ‘ఆచార్యా’. ఈ భేదము వైయాకరణులకు సుపరిచితమే. శబ్దమున్నను దానికి తగిన వ్యక్తి పంతొమ్మిదవ శతాబ్దపు పల్లెలలో అరుదు. కందుకూరి వీరేశలింగము ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించినది 1874లో. జ్ఞానమ్మ పరమపదించినదియు ఆ యేటనే. సింగరాయకొండకు చేరువనున్న కందుకూరే ఆయన యింటిపేరునకు మూలము. రాజమహేంద్రవరమున ఆయన ప్రథమ వితంతు వివాహమును జరిపించినది 1881లో. ఆ యుద్యమమునకు పూర్వమే ఒక వితంతువు తన జీవికను తానే నిర్ణయించుకొనుట సంఘసంస్కరణ గ్రంథములలో చోటు పొందవలసిన విషయము.

ఇట నొక పొరపాటునకు తావు గలదు. 1871లో సికింద్రాబాదు చేరి బాలికా పాఠశాల నారంభించిన మఠకన్యలును పునీత అన్నమ్మ పేరిటివారే. కాని వారి సభ ఇటలీలోని టూరిన్ నగరమున 1834లో పుట్టినది. పేరొక్కటే, పరంపర వేరు.

గుంటూరు వచ్చిన డచ్చి కన్యల స్థితి జ్ఞానమ్మ స్థితికి విలోమము. వారి సభ 1822లో, అనగా జ్ఞానమ్మ పుట్టిన యేటనే, ఆమర్స్‌ఫోర్టు పట్టణమున మథియాస్ వుల్ఫ్ అను యేసుసభ గురువు చేత స్థాపితము. మఠము, బోధనానుభవము వారికి ముందే గలవు, లేనిది తెలుగు. జ్ఞానమ్మకు తెలుగు పుట్టుకతో వచ్చినది. మఠమును తానే కల్పించుకొనవలసి వచ్చెను. డచ్చి కన్యల సభ గుంటూరున విద్యతో పాటు వైద్యమును చేపట్టెను. ఆస్ట్రేలియా వైద్యురాలు మేరీ గ్లౌరీ 1920లో అచ్చటికి వచ్చి ఆ సభలో చేరుటతో వైద్యశాఖ ప్రసిద్ధి కెక్కెను. ఈ ప్రసిద్ధియే పూర్వచరిత్రను కొంత కప్పివేసినది.

దీనికి పాలనావిభాగము మరియొక కారణము. 1928లో నెల్లూరు పీఠము, 1940లో గుంటూరు పీఠము వేరుపడినవి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు కీళచ్చేరి మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. జ్ఞానమ్మ పుట్టినయూరు ఒక రాష్ట్రపు చరిత్రలోను, ఆమె పాఠశాల మరియొక రాష్ట్రపు చరిత్రలోను చేరినవి.