578 తర్వాత ఎక్కడ ఎగిరింది?

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను. వరుస అయనీకరణ శక్తులు 578, 1817, 2745, 11577 కిలోజౌళ్లు అని ఇచ్చి మూలకం చెప్పమంటారు. పటాన్‌చెరు మందుల కంపెనీ ల్యాబులో చేసే మా అన్నయ్యేమో అక్కడెవరూ ఇలా కనుక్కోరంటాడు. నిజమేనా?
– ఓ విద్యార్థిని, కిష్టారెడ్డిపేట

జవాబు: మీ అన్నయ్య చెప్పింది ముప్పావు వంతు నిజం. ముందు మీ లెక్క. మూడో అంకె నుంచి నాలుగోదానికి నాలుగు రెట్లకు పైగా ఎగిరింది చూశారా? మూడు ఎలక్ట్రాన్లు బయటి కక్ష్యవి. నాలుగోది కేంద్రకానికి దగ్గరగా ఉన్న లోపలి కక్ష్యది, ఊరికే వదలదు. కాబట్టి 13వ గ్రూపు. 578 చూసి అల్యూమినియం అని రాసేయకండి, గాలియానిదీ 579! దాని నాలుగోది 6,200 లోపే. అసలు తేడా అక్కడ తేలుతుంది.

ఇక ల్యాబు. మందుల్లో లోహాల జాడ పట్టే ఐసీపీ-ఎంఎస్ యంత్రం మూలకాన్ని గుర్తించేది అయాన్ ద్రవ్యరాశిని దాని ఆవేశంతో భాగించి. అయితే ఎలక్ట్రాన్లను ఊడగొట్టేది వేడి ఆర్గాన్ ప్లాస్మా. ఆర్గాన్ మొదటి అయనీకరణ శక్తి 1521. బేరియం రెండోది 965 మాత్రమే, అందుకే కొన్ని బేరియం పరమాణువులు రెండేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటాయి. 138 ద్రవ్యరాశి గలది 69 దగ్గర కనిపిస్తుంది. అది సరిగ్గా గాలియం కూర్చునే చోటు! సోడియంతో ఈ తంటా లేదు, దాని రెండోది 4562.

అన్నయ్యను అడగండి, 69 దగ్గర గీత కనిపిస్తే ముందు ఎవరిని అనుమానిస్తారో.