వేదిక ఎక్కే బిడ్డకు తోడుండండి

సంక్రాంతి దాటితే కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో బడుల వార్షికోత్సవాల సందడి మొదలవుతుంది. సాయంత్రం బడి గేటు దగ్గర నిలబడితే లోపలి నుంచి డీజే పాట వినబడుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చెమటలు కక్కుతూ స్టెప్పులు నేర్చుకుంటుంటారు. పదో తరగతి వాళ్లకు ఫేర్‌వెల్ ఉంటుంది. ఆడపిల్లలు అమ్మ చీర కట్టుకొని వస్తారు. కొన్ని బడుల్లో ర్యాంప్ వాక్ పెట్టి 'మిస్ ఫేర్‌వెల్', 'మిస్టర్ ఫేర్‌వెల్' అని కిరీటాలు కూడా పెడతారు. ఈ రోజుల్లో ఇంట్లో రెండు మాటలు వినబడుతుంటాయి. "పరీక్షలు ముందర పెట్టుకొని ఈ ఆటలెందుకు?" అనేది ఒకటి. "మా బిడ్డను ముందు వరుసలో ఎందుకు నిలబెట్టలేదు?" అనేది రెండోది. రెండు మాటలూ ప్రేమతో అనేవే. అయినా ఆగి ఆలోచించాల్సినవి.

మొదట, వద్దనకండి. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. ఆయనకు తెలుగు పాట మీద మనసు కుదిరింది ఊళ్లో విన్న హరికథలు, జంగం కథలతోనే. తర్వాత ఆయన జ్ఞానపీఠం దాకా వెళ్లారు. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ ఆ ఊరే. పాట, ఆట చదువుకు అడ్డమని మన గడ్డ మీద నిలబడి ఎట్లా అనగలం? మార్చిలో టెన్త్ పరీక్షలున్న పిల్లల రిహార్సల్స్ జనవరి నెలాఖరుకు ముగించమని బడిని అడగండి. అది న్యాయమైన కోరిక.

అయితే బిడ్డ వేదిక మీద ఏం చేస్తున్నదో కూడా చూడాలి. పెన్‌డ్రైవ్‌లో సినిమా పాట పెట్టి, డ్యాన్స్ మాస్టర్ నేర్పిన స్టెప్పులను నాలుగు నిమిషాలు వేసి దిగిపోతే పిల్లలకు దక్కేది కొంతే. అమెరికా హైస్కూళ్లలో సంగీత నాటకం వేస్తే పాడేది, వాయించేది, తెరలకు రంగులు వేసేది, లైట్లు చూసుకునేది చాలామటుకు పిల్లలే. మనం అంత దూరం చూడాల్సిన పని లేదు. ఒగ్గుకథనే తీసుకోండి. ప్రధాన కథకుడు మల్లన్న కథో బీరప్ప కథో ఎత్తుకుంటే పక్కవాళ్లు వంత పాడతారు. డోలు, తాళాలు మోగుతాయి. రాజైన మనిషే మరుక్షణం బంటు అవుతాడు. గొంతు ఉన్నోళ్లకు పాట, చెయ్యి ఆడేవాళ్లకు డోలు, సిగ్గరి పిల్లకు వంత. క్లాసు మొత్తానికి పని దొరుకుతుంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి కళా ఉత్సవ్ పోటీలు నడుపుతున్నది. ఇట్లా నేర్చుకున్న పిల్లలకు ఆ దారీ తెరిచే ఉంటుంది.

ఆదిలాబాద్ వైపు బడులకు ఒక మాట. వార్షికోత్సవంలో గుస్సాడీ వేయించడం మంచి ఆలోచనే. కానీ అది దీపావళి వేళ దండారీ పండుగలో గోండులు భక్తితో ఆడే ఆట. నెమలి ఈకల టోపీని పూజించిగానీ తలకు ఎత్తుకోరు. మార్లవాయికి చెందిన కనకరాజు జీవితమంతా ఆ ఆటను పట్టుకొని, పిల్లగాళ్లకు నేర్పి, 2021లో పద్మశ్రీ పొందారు. 2024లో కన్నుమూశారు. రంగు కాగితాల టోపీ చుట్టే ముందు గూడెం పెద్దలను పిలిచి, ఏది ఆడవచ్చో ఏది కూడదో అడగమనండి. క్లాసులో గోండు పిల్లలుంటే ఆ ఆటకు వాళ్లనే ముందు నిలపమనండి.

ఇక కిరీటం సంగతి. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. ఆ అందగత్తెలు రామప్ప గుడికి వచ్చినప్పుడు మన పిల్లలంతా టీవీలో చూశారు. వాళ్లలాగా నడవాలని ముచ్చటపడటంలో తప్పు లేదు. కానీ ఆ పోటీకి వెళ్లేది పెద్దవాళ్లు, తెలిసి వెళ్లేవాళ్లు. ఆ మిస్ వరల్డే 2014లో ఈత దుస్తుల పోటీని ఎత్తేసింది. పదహారేళ్ల లోపు పిల్లలకు అందాల పోటీలే వద్దని 2013లో ఫ్రాన్స్ సెనేట్ ఓటు వేసింది. మన ఫేర్‌వెల్‌లో నడిచే బిడ్డకు పదిహేనేళ్లు. పాట సరిగ్గా రాకపోతే సాధన చేసి వచ్చే ఏడాది గెలవొచ్చు. ఎత్తు, రంగు, ముక్కుతీరు ఏ సాధనతో మారతాయి? ఓడిన పిల్ల ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడుతుంది. బక్కగా, పొట్టిగా ఉన్న పిల్లగాడి బాధ కూడా అదే, బయటికి చెప్పడంతే. కాబట్టి ముఖానికి మార్కులు వద్దని, పాటకు, మాటకు, క్లాసులో పదిమందికి సాయపడినందుకు బహుమతులు ఇవ్వమని ప్రిన్సిపాల్‌ను మర్యాదగా అడగండి. అయినా పోటీ పెడితే, బిడ్డ ఇష్టపడితే ఎగతాళి చేయకుండా పంపండి. ఇష్టం లేదంటే బలవంతం చేయకండి. బిడ్డ తరఫున టీచరుకు మీరే చెప్పండి.

మేకప్ దగ్గర కూడా కనిపెట్టి ఉండండి. చామనఛాయ పిల్లకు మెడ దాకా తెల్ల పౌడరు పూసి "ఇప్పుడు మంచిగున్నవ్" అంటే, ముందు బాగాలేనని ఆ పిల్లకు అర్థమవుతుంది. ఆ మాట చాలా ఏళ్లు వెంట వస్తుంది.

ఖర్చు గురించి దాచుకోకండి. కిరాయి డ్రెస్సుకు డబ్బు కష్టమైతే అప్పు చేయకుండా టీచరుతో విడిగా మాట్లాడండి. ఇంట్లో ఉన్న లంగా ఓణీతో అయ్యే పాటను ఎంచుకోమనండి. ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గదికి గడియ ఉందా, అక్కడ మేడం ఎవరైనా ఉంటారా, తిండి ఎప్పుడు పెడతారు, ఇంటికి ఎట్లా పంపుతారు అని ముందే అడగండి. రాత్రి 10 దాటాక మైదానంలో మైకు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి. తొమ్మిదిన్నరకల్లా ముగించమని అడగడానికి మీకు ఆధారం ఉంది. వేరేవాళ్ల పిల్లల వీడియోలను వాళ్ల అమ్మానాన్నలను అడగకుండా స్టేటస్‌లో పెట్టకండి.

వేదిక ఎక్కిన బిడ్డ మొదట వెతికేది మీ ముఖాన్ని. ఫోను అడ్డం పెట్టుకుంటే ఆ ముఖం కనబడదు. అర నిమిషం వీడియో తీసి ఫోను జేబులో పెట్టండి. ఆశ్రమ పాఠశాలలో ఉన్న బిడ్డ కోసం కూలి ఒక పూట పోయినా సరే, బస్సెక్కి వెళ్లండి. ఆట ముగిశాక "ఆ పిల్ల నీకంటే మంచిగ చేసింది" అనకండి. "రెండో చరణంలో తాళం తప్పినా ఆగకుండా అందుకున్నవ్, అది నాకు నచ్చింది" అనండి. నిజంగా చూశారని బిడ్డకు తెలుస్తుంది. ఎంపిక కాని బిడ్డ ఇంట్లో ఉంటే తెర లాగే పనైనా, యాంకరింగైనా ఇమ్మని అడగండి. ఏ పనీ లేకుండా మాత్రం వదిలేయకండి.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయిపోయాక లేచి రెండు మాటలు అడగండి. క్లాసులో ప్రతి బిడ్డకూ వేదిక మీదో వెనకో ఒక పని ఉండాలి. ముఖానికి మార్కులు ఉండకూడదు. పదిమంది తల్లిదండ్రులు కలిసి అడిగితే ఏ బడీ కాదనదు.